చెవి శస్త్రచికిత్సలో రక్తరహిత క్షేత్రం

ప్రకృతి మానవునికి ప్రసాదించిన పంచేంద్రియాలలో శ్రవణేంద్రియానికి విశిష్టమైన స్థానమున్నది. గురువు బోధ శిష్యునికి చేరేది చెవి ద్వారానే; తల్లి జోలపాట బిడ్డకు భాషగా మారేదీ చెవి ద్వారానే. బాల్యంలో జలుబుతో మొదలైన చెవిపోటు చీముగా మారి, కర్ణభేరికి రంధ్రం పడి, ఏళ్ల తరబడి చెవి కారుతూ వినికిడి మందగించిన వారు మన గ్రామాలలోను, పట్టణాలలోని ఇరుకు వాడలలోను నేటికీ కనిపిస్తూనే ఉన్నారు. ఇట్టివారిలో చాలామందికి వినికిడిని తిరిగి ఇవ్వగల శస్త్రచికిత్సలు గడచిన శతాబ్ది మధ్యభాగం నుండి అందుబాటులోకి వచ్చాయి.

ఈ శస్త్రచికిత్సల జయాపజయాలు కేవలం శస్త్రకారుని హస్తలాఘవం మీదనే ఆధారపడి ఉంటాయని సామాన్యంగా అనుకుంటాము. అది సగం సత్యం మాత్రమే. చేయి ఎంత నేర్పరిదైనా కన్ను చూడనిదే పని చేయజాలదు. కన్ను చూడవలెనంటే చెవిలో కోత పెట్టిన చోటు, అనగా శస్త్రక్షేత్రం, రక్తం లేకుండా నిర్మలంగాను పొడిగాను ఉండవలెను. ఆ స్థితి రక్తాన్ని తుడిచివేయడం వలన వచ్చేది కాదు. రక్తం రాకుండా ముందుగానే చేసుకొనే ఏర్పాట్ల వలన వచ్చేది. ఈ ఏర్పాట్లేమిటో, వాటి వెనుకనున్న శాస్త్రమేమిటో, వాటి హద్దులెక్కడో విద్యార్థులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కార్యస్థలం కొలతలు

వెలుపలి చెవి నుండి కర్ణభేరి వరకు గల మార్గం పొడవు పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్లు. కర్ణభేరి వ్యాసం 8 నుండి 10 మిల్లీమీటర్లు. దాని మందం మిల్లీమీటరులో పదవ వంతు. దాని వెనుక నున్న మధ్య చెవి ఒక చిన్న గాలి గది. దాని ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు. కాని బయటి గోడకు లోపలి గోడకు మధ్య దూరం ఇరుకైన చోట 2 మిల్లీమీటర్లే. ఆ గదిలో సుత్తి, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు గొలుసుకట్టుగా ఉంటాయి. వీటిలో అంకవన్నె మన శరీరంలోకెల్ల చిన్న ఎముక. దాని ఎత్తు 3 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. బరువు సుమారు 3 మిల్లీగ్రాములు. దాని అడుగుపలక లోపలి చెవి ద్వారాన్ని మూసి ఉంటుంది. ఆ పలకకు ఆవలి ప్రక్కన వినికిడికి, శరీరపు తూకానికి ఆధారమైన ద్రవం ఉన్నది.

అంకవన్నెకు కాస్త పైగా ముఖనాడి పోతుంది. కన్ను మూయడానికి, పెదవి కదపడానికి, చిరునవ్వు నవ్వడానికి మూలమైన నరం అదే. దానిని ఒక సన్నని ఎముక గొట్టం కప్పి ఉంచుతుంది. అయితే కొందరిలో ఆ గొట్టానికి పుట్టుకతోనే ఖాళీ ఉంటుంది. మరికొందరిలో వ్యాధి దానిని తినివేస్తుంది. అట్టి చోట నరానికి ఒక పలుచని పొర తప్ప వేరే రక్షణ లేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాము. మధ్య చెవి గదిలో పట్టే ద్రవం అర మిల్లీలీటరు మొదలు ఒక మిల్లీలీటరు వరకు. ఒక మిల్లీలీటరులో సుమారు 20 చుక్కలుంటాయి. అంటే పది ఇరవై రక్తబిందువులు చాలు, ఆ గది అంచుల దాకా నిండిపోవడానికి! కడుపు కోసినప్పుడు లెక్కలోనికే రాని నెత్తురు చెవిలో వరదవుతుంది. ఆ వరదలో నరం ఏదో, పొర ఏదో, ఎముక ఏదో తెలియక ఒక కదలిక తప్పితే రోగి ముఖం జీవితాంతం వంకరపోవచ్చు. ఉన్న కాస్త వినికిడి కూడ పూర్తిగా పోవచ్చు.

సూక్ష్మదర్శిని తెచ్చిన కొత్త అవసరం

స్వీడన్ దేశీయుడు నైలెన్ 1921లో చెవి శస్త్రచికిత్సకు తొలిసారిగా ఒంటికంటి మైక్రోస్కోపును ఉపయోగించాడు. మరుసటి సంవత్సరమే హోల్మ్‌గ్రెన్ రెండు కళ్లతో చూడగల సూక్ష్మదర్శినిని వాడాడు. 1953లో జర్మనీకి చెందిన జైస్ సంస్థ శస్త్రచికిత్స కోసమే రూపొందించిన మైక్రోస్కోపును విడుదల చేసింది. ఆ దశాబ్దంలోనే వుల్‌స్టైన్, జోల్నర్ అను జర్మన్ వైద్యులు కర్ణభేరిని తిరిగి నిర్మించే పద్ధతులను క్రమబద్ధం చేశారు. 1956లో అమెరికాలో జాన్ షే బిగుసుకుపోయిన అంకవన్నెను తీసివేసి దాని స్థానంలో కృత్రిమమైన దానిని అమర్చాడు.

మైక్రోస్కోపు అంకవన్నెను పెద్దది చేసి చూపినట్లే నెత్తుటి చుక్కను కూడ పెద్దది చేసి చూపుతుంది. పది రెట్లు పెంచి చూసినప్పుడు చుక్క వైశాల్యం నూరు రెట్లుగా కనిపిస్తుంది. ఆవగింజంత నెత్తురు దృశ్యాన్నంతటినీ కప్పివేస్తుంది. కనుకనే మైక్రోస్కోపు వచ్చిన తరువాత రక్తస్రావ నివారణ చెవి వైద్యంలో ఒక ప్రత్యేక విద్యగా వృద్ధి చెందింది.

రక్తస్రావాన్ని శాసించే సూత్రం

ఫ్రెంచి వైద్యుడు పోజీ సన్నని గొట్టాలలో ద్రవం ప్రవహించే తీరును 1840 ప్రాంతంలో ప్రయోగాలతో నిర్ణయించాడు. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆ సూత్రం పరిచితమే. ప్రవాహం పీడనానికి అనులోమానుపాతంలోను, గొట్టపు వ్యాసార్ధం యొక్క నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలోను ఉంటుంది. రక్తం నీటివంటి సామాన్య ద్రవం కాదు, రక్తనాళం గాజుగొట్టమూ కాదు. అయినను మన విషయానికి ఈ సూత్రం చక్కని మార్గదర్శి.

ధమనులలోని సగటు పీడనాన్ని 90 మిల్లీమీటర్ల నుండి 65కు తగ్గించామనుకొందాము. ప్రవాహం నూటికి 28 వంతులు మాత్రమే తగ్గుతుంది. అలాగాక పీడనాన్ని ముట్టుకోకుండా రక్తనాళపు వ్యాసార్ధాన్ని అయిదవ వంతు కుదించామనుకొందాము. ప్రవాహం నూటికి 59 వంతులు తగ్గిపోతుంది. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారవ వంతుకు పడిపోతుంది. దీనినుండి మనం గ్రహించవలసిన నీతి ఒకటున్నది: రోగి శరీరమంతటా రక్తపోటును దించడం కన్న, కోయబోయే చోట రక్తనాళాలను ముడుచుకొనునట్లు చేయడం మేలు. మొదటిది మెదడుకు, గుండెకు కూడ తగులుతుంది. రెండవది చెవి వరకే పరిమితం.

కోతకు ముందు

వాచి ఎర్రబడిన కణజాలంలో రక్తనాళాలు విప్పారి ఉంటాయి. ముట్టుకుంటే నెత్తురు చిమ్ముతాయి. అందువలన చీము కారుతున్న చెవిని సాధ్యమైనంతవరకు ముందుగా శుభ్రపరచి, తగిన చుక్కల మందులతో ఆరబెట్టి, ఆ తరువాతనే శస్త్రచికిత్సకు పూనుకొంటారు. ఎముకను తినివేసే వ్యాధి ఉన్నప్పుడు చెవి పూర్తిగా ఆరకపోయినా ఆగడం మంచిది కాదు. అప్పుడు కూడ వాపును కొంత తగ్గించడానికి ప్రయత్నిస్తారు.

రోగి వాడే మందుల విచారణ మరొక ముఖ్య విషయం. ఆస్పిరిన్ రక్తఫలకికల పనిని వాటి జీవితకాలమంతా, అంటే 7 నుండి 10 రోజుల వరకు, చెడగొడుతుంది. కనుక దానిని సుమారు వారం రోజుల ముందు ఆపవలసి ఉంటుంది. అయితే గుండెజబ్బుకో, పక్షవాతం తరువాతనో దానిని వాడుతున్నవారు తమంతట తాము ఆపరాదు. గుండె వైద్యుని సలహా తప్పనిసరి. అధిక రక్తపోటు ఉన్నవారికి దానిని ముందుగా అదుపులోనికి తెస్తారు. దెబ్బ తగిలితే నెత్తురు ఆగకపోవడం, పన్ను పీకించినప్పుడు విపరీతంగా కారడం వంటి పూర్వవృత్తాంతం కుటుంబంలో ఎవరికైనా ఉన్నదా అని అడిగి తెలుసుకొంటారు.

శస్త్రక్షేత్రం పొడిగా ఉంటే చాలదు, నిర్మలంగా కూడ ఉండవలెను. చెవి చుట్టునున్న చర్మాన్ని పోవిడోన్ అయొడిన్ వంటి క్రిమినాశకంతో శుభ్రపరుస్తారు. చేతులు కడుగుకొనడానికి శ్రేష్ఠమైన క్లోర్‌హెక్సిడిన్ మధ్య చెవిలోనికి పోతే లోపలి చెవికి విషంగా పరిణమిస్తుంది. అందుచేత కర్ణభేరికి రంధ్రమున్న చోట దానిని వాడరు. ఒక చోట అమృతమైనది వేరొక చోట విషమగుటకు ఇది మంచి నిదర్శనం.

అడ్రినలిన్

రక్తనాళాలను ముడిపించే ఔషధాలలో అగ్రగణ్యమైనది అడ్రినలిన్. జపాను రసాయన శాస్త్రజ్ఞుడు తకమినె దానిని 1901లో శుద్ధరూపంలో వేరుచేశాడు. అనతికాలంలోనే జర్మన్ వైద్యుడు బ్రౌన్ దానిని స్పర్శను పోగొట్టే మందుతో కలిపి ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. నేడు లిగ్నొకైన్‌తో కలిపి, లక్షకు ఒక వంతు లేక రెండు లక్షలకు ఒక వంతు పాళ్లలో, చెవి వెనుకను, చెవి మార్గంలోని చర్మం క్రిందను ఇస్తారు. లక్షకు ఒక వంతు అనగా ఒక మిల్లీలీటరులో 10 మైక్రోగ్రాములు.

ఈ సూది వేయడంలో రెండు గుణాలు కావలెను: నెమ్మది, ఓర్పు. చెవి మార్గంలోని చర్మం ఎముకకు అంటుకొని మిక్కిలి పలుచగా ఉంటుంది. మందును వేగంగా నెడితే చర్మం బొబ్బవలె పైకి లేచి మార్గాన్నే మూసివేస్తుంది. సన్నని సూదితో కొద్దికొద్దిగా ఎక్కిస్తే చర్మం తెల్లబడుతూ పోవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. ఆ తెలుపే మందు సరైన పొరలోనికి పోయినదనడానికి గుర్తు. ఆ తరువాత కనీసం పది నిమిషాలైనా ఆగవలెను. సూది వేసిన వెంటనే కత్తి పట్టిన శస్త్రకారుడు పది నిమిషాలు ఆదా చేసి, తరువాత గంటసేపు నెత్తురు తుడుచుకొంటాడు. అనుభవజ్ఞులు సూది ముందుగా వేసి, ఆ పిమ్మట చేతులు కడుగుకొని, గుడ్డలు పరచి వచ్చేసరికి ఆ వ్యవధి దానంతటదే గడుస్తుంది.

మధ్య చెవిలో నెత్తురు ఊరుతున్నప్పుడు వేయికి ఒక వంతు అడ్రినలిన్‌లో తడిపి పిండిన చిన్న దూది ముక్కను ఆ చోట ఉంచి కొన్ని నిమిషాలు ఆగుతారు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ ద్రావణం సూదిమందు కన్న నూరు రెట్లు తీవ్రమైనది. పొరపాటున దీనిని సూదిలోనికి తీసి ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు. అందువలన దూదికై ఉంచిన మందును సిరంజిలో ఎన్నడూ ఉంచక, పేరు వ్రాసిన గిన్నెలో వేరుగా ఉంచడం ఆపరేషన్ గదిలో పాటించవలసిన కఠిన నియమం.

మత్తుమందు వైద్యుని పాత్ర: హైదరాబాదు ఇచ్చిన పాఠం

క్షేత్రం పొడిగా ఉండటంలో సగం భారం మత్తుమందు వైద్యునిది. రోగి దగ్గినా, బిగపట్టినా, ఊపిరి సరిగా ఆడక రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా సిరలు ఉబ్బి గాయమంతా నెత్తురు ఊరుతుంది. అందుచేత మత్తు సాఫీగా సాగవలెను. గుండె నిదానంగా కొట్టుకోవలెను. తలవైపు బల్లను 10, 15 డిగ్రీలు ఎత్తి, మెడ సిరలు నొక్కుకుపోకుండ తలను తగుమాత్రమే ప్రక్కకు త్రిప్పుతారు. ఇవి ఖర్చు లేని ఉపాయాలు; ఫలితం మాత్రం గొప్పది.

అడ్రినలిన్‌కు, మత్తుమందుకు గల సంబంధాన్ని తలచుకొన్నప్పుడు మన హైదరాబాదు నగరం గుర్తుకు రాక మానదు. క్లోరోఫాంతో మత్తు ఇచ్చినప్పుడు కొందరు హఠాత్తుగా మరణించడానికి కారణం ఊపిరి ఆగడమా, గుండె ఆగడమా అన్న వివాదం ఆనాడు ప్రపంచమంతటా ఉండేది. దానిని తేల్చడానికి 1888లోను, 1889లోను హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. వాటికి సారథి హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ. ఆర్థికపోషణ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వానిది. లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నాడు. జంతువులపై రక్తపోటును నమోదు చేస్తూ చేసిన ఆ ప్రయోగాల పిమ్మట, ప్రమాదం ఊపిరి వైపు నుండియే గాని గుండె వైపు నుండి కాదని కమిషన్ నిర్ణయించింది.

ఆ నిర్ణయం నిలువలేదు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించినప్పుడు గుండె లయ తప్పి, వణకి, ఆగిపోవడాన్ని నిరూపించాడు. 1956 నుండి విరివిగా వాడుకలోనికి వచ్చిన హాలోథేన్‌కు కూడ ఈ లక్షణం కొంత ఉన్నది. కనుక దానితోపాటు అడ్రినలిన్‌ను పరిమితంగానే వాడేవారు. ఐసోఫ్లురేన్, సీవోఫ్లురేన్ వంటి తరువాతి మందులలో ఈ భయం చాలా తక్కువ. అయినను శస్త్రకారుడు అడ్రినలిన్ ఎంత ఎక్కిస్తున్నాడో మత్తుమందు వైద్యునికి ముందుగా చెప్పడం ఈనాటికీ తప్పని మర్యాద. హైదరాబాదు కమిషన్ల తీర్పు సరికాకపోయినా, మత్తులో మరణాన్ని విధివ్రాతగా వదిలివేయక కారణం వెదకిన ఆ పట్టుదల మాత్రం మనకు గర్వకారణమే.

రక్తపోటును దించుట: హద్దులు

1950లో ఇంగ్లండులో ఎండర్బీ, మందులతో రక్తపోటును దించి, శరీరపు వాలుతో రక్తాన్ని గాయం నుండి మళ్లించే పద్ధతిని ప్రకటించాడు. నాటి నుండి ఈ పద్ధతి చెవి శస్త్రచికిత్సలో ప్రవేశించింది. నేడు ప్రొపోఫాల్, రెమిఫెంటానిల్, డెక్స్‌మెడిటమిడిన్ వంటి మందులతో ఆరోగ్యవంతులలో సగటు రక్తపోటును 60, 70 మిల్లీమీటర్ల మధ్య నిలుపుతారు.

ఇక్కడ విద్యార్థులు ఒక సూక్ష్మాన్ని గమనించవలెను. రక్తపోటును సాధారణంగా చేతికి పట్టీ కట్టి కొలుస్తారు. కాని తల గుండె కన్న ఎత్తున ఉన్నప్పుడు, ప్రతి 10 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 8 మిల్లీమీటర్ల పీడనం తగ్గుతుంది. చేతి వద్ద 65 చూపినప్పుడు మెదడు వద్ద ఉన్నది 57 మాత్రమే. చెవికి రక్తం తగ్గించిన ఎత్తే మెదడుకూ తగ్గించింది! దీర్ఘకాలంగా అధిక రక్తపోటు గలవారిలో, మెదడు రక్తనాళాలు, గుండె, మూత్రపిండాలు చెడినవారిలో ఇట్టి సాహసం కూడదు. చెవి బాగుచేయబోయి మనిషిని పోగొట్టుకొనడం వైద్యం కాదు. నెత్తురు కొద్దిగా ఊరుతున్నా రోగి క్షేమంగా ఉండడం, క్షేత్రం అద్దంవలె ఉండి రోగి ప్రమాదంలో ఉండడం కన్న వేయి రెట్లు మేలు.

శస్త్రకారుని చేతిలో

కోత పెట్టిన తరువాత పాటించవలసిన మొదటి నియమం: పైపొరలలోని నెత్తురును పూర్తిగా ఆపనిదే లోపలికి దిగరాదు. చర్మం, కండరం అంచుల నుండి జారిన నెత్తురే చాలాసార్లు క్రిందనున్న మధ్య చెవిని నింపుతుంది. ఆ అంచులను విద్యుత్ డయాథర్మీతో ఆపుతారు. ముఖనాడి సమీపంలో మాత్రం విద్యుత్తు శరీరంలోనికి వ్యాపించే ఏకధ్రువ పరికరాన్ని వాడరు. రెండు మొనల మధ్యనే విద్యుత్తు పరిమితమయ్యే ద్విధ్రువ పరికరాన్ని వాడుతారు.

చెవి వెనుక ఎముకను బర్‌తో తొలిచేటప్పుడు ఉప్పునీటిని ధారగా పోస్తూ, సక్షన్ గొట్టంతో తీసివేస్తూ ఉంటారు. పొడిగా ఉంచవలసిన చోట నీరెందుకని సందేహం రావచ్చు. ఆ నీరు ఎముకను చల్లబరుస్తుంది, పొడిని కడిగివేస్తుంది, అడుగున ఏమున్నదో చూపుతుంది. ముఖనాడిని వేడి నుండి కాపాడేదీ ఆ నీరే. ఎముక రంధ్రాల నుండి వచ్చే నెత్తురును వజ్రపు బర్‌తో మెల్లగా రుద్ది, ఆ పొడితోనే పూడుస్తారు. లేదా 1892లో హార్స్‌లీ వర్ణించిన ఎముక మైనాన్ని అద్దుతారు. పెద్ద సిర తెగి నెత్తురు పొంగినప్పుడు తొందరపడి చేతికందినదల్లా పట్టరాదు. జెలటిన్ స్పంజినో, ఆక్సీకృత సెల్యులోజునో పెట్టి, దూది అదిమి, ఓపికతో నిలువవలెను. సిరలోని పీడనం తక్కువ కనుక వేలి ఒత్తిడికి అది లొంగుతుంది.

కుడిచేతి వాటపు శస్త్రకారుని ఎడమచేతిలో సక్షన్ గొట్టం ఎడతెగక ఉంటుంది. గొట్టంపై నున్న చిన్న రంధ్రాన్ని బొటనవ్రేలితో మూస్తూ తెరుస్తూ ఈడ్పును అదుపు చేస్తారు. అంకవన్నె వద్ద అతి సన్నని గొట్టాన్నే వాడుతారు. లోపలి చెవి ద్వారం తెరచి ఉన్నప్పుడు గొట్టాన్ని దాని మీద ఎన్నడూ పెట్టరాదు. లోపలి ద్రవం పీల్చుకొనిపోతే వినికిడి ఆ క్షణంలోనే నశించవచ్చు. శుష్కత కోసం పడే ఆరాటమే అక్కడ శత్రువవుతుంది. ఇటీవలి దశాబ్దాలలో వ్యాపించిన ఎండోస్కోపు పద్ధతిలో ఒక చేయి ఎండోస్కోపును పట్టుకొనడానికే సరిపోతుంది. సక్షన్‌కు ప్రత్యేకంగా చేయి మిగలదు. కనుక ముందు జాగ్రత్తల విలువ పూర్వం కన్న ఇప్పుడు మరింత పెరిగింది.

ముగింపు

పైన వివరించిన వాటిని తిరిగి చూసినచో, శుష్కక్షేత్ర సాధన ఒక్కరి ఘనకార్యం కాదని, ఒక్క మందు మహిమా కాదని తెలుస్తుంది. మందుల సంగతి దాచకుండ చెప్పిన రోగి, చెవిని ముందుగా ఆరబెట్టిన వైద్యుడు, ద్రావణాలను వేరుగా ఉంచిన నర్సు, మత్తును సాఫీగా నడిపిన వైద్యుడు, పది నిమిషాలు ఆగగలిగిన శస్త్రకారుడు — వీరందరి ఓర్పు కలిసి ఆ రెండు మిల్లీమీటర్ల లోతు గదిని నిర్మలంగా ఉంచుతుంది.

వీరిలో మొదటివాడు రోగియే కనుక, మనందరి వంతు కూడ ఇందులో ఉన్నది. కారుతున్న చెవిలో నూనె, ఆకు పసర్లు పోయరాదు. చెరువులో, బావిలో మునకలు వేయరాదు. పుల్లలు, పిన్నీసులు పెట్టరాదు. వినికిడి తగ్గినదనిపించిన వెంటనే చెవి వైద్యునికి చూపించవలెను. ఈ నాలుగు మాటలు మన ఇంటి పెద్దలకు, పొరుగువారికి వారి భాషలో చెప్పగలిగితే ఈ పాఠం చదివిన శ్రమ సార్థకమవుతుంది. శస్త్రక్షేత్రాన్ని పొడిగా ఉంచే ప్రయత్నం ఆపరేషన్ బల్ల మీద గాక మన ఇంటిలోనే ప్రారంభమవుతుంది.